గాజుతొట్టిలో సముద్రపు కోడిపుంజు

విశాఖపట్టణపు జాలరులు రెండువందల యేండ్లకు పూర్వము ఒక చేపను ‘కోడిపుంగి’ అని పిలిచెడివారు. ఈ సంగతి మనకు తెలిపినవాడు పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు దేశపు వైద్యుడు. ఆయన 1780 దశకమున విశాఖపట్టణములో నివసించి, ఈస్టిండియా కంపెనీ కొలువులో నుండి, ఈ తీరపు మొక్కలను, పాములను, చేపలను శ్రద్ధతో పరిశీలించెను. అచ్చట లభించిన 200 చేపల వర్ణనలను, బొమ్మలను కూర్చి 1803లో లండను నగరమున ఒక గ్రంథము ప్రకటించెను. అందులో పెక్కు చేపలకు జాలరుల నోట విన్న తెలుగు పేర్లనే ఇంగ్లీషు లిపిలో వ్రాసెను. వానిలో నొకటి ఈ కోడిపుంగి. విసనకఱ్ఱలవలె విచ్చుకొన్న రెక్కలు, వీపుమీద నిక్కిన ముళ్ళ వరుస, ఒడలెల్ల ఎఱ్ఱని చారలు, తొందర యెరుగని దర్జా నడక చూచినవారికి ఆ మాట మన ‘కోడిపుంజే’ యని తోచక మానదు.

1831లో బెన్నెట్ అను శాస్త్రజ్ఞుడు ఈ చేపకు రస్సెల్ పేరు చేర్చి శాస్త్రనామము నిచ్చెను. మన రక్తపింజరికి ఇంగ్లీషువారు పెట్టిన పేరు కూడ ఈ రస్సెల్ దే. 1852లో బ్లీకర్ అను డచ్చి వైద్యుడు ‘కోడిపుంగి’ అను తెలుగు మాటనే దానికి శాస్త్రనామముగ వాడెను. కాని ముందుగ పెట్టిన పేరే చెల్లునను నియమమునుబట్టి ఆ తెలుగు పేరు పర్యాయనామముల పట్టికలో మిగిలిపోయినది.

ఈ కోడిపుంజును, దాని దాయాదులను నేడు లోకమంతటను ‘లయన్ ఫిష్’ అనుచున్నారు. మనము సింహమత్స్యమందము. ఈ కుటుంబములో ఇండ్లయందు పెంచువారికి మిక్కిలి ప్రీతిపాత్రమైనది ‘టెరోయిస్ వోలిటాన్స్’ అను జాతి. దీనిని లిన్నేయస్ పండితుడు 1758లోనే వర్ణించెను. ఆ పేరులోని గ్రీకు మాటకు రెక్క యనియు, లాటిను మాటకు ఎగురునది యనియు అర్థము. గాజుతొట్టిలో ఇంతటి అందమైన చేప మరియొకటి లేదని దానిని పెంచువారు చెప్పుదురు. అది నిజమే కావచ్చును. కాని అందమును చూచి ఇంటికి తెచ్చుకొన్నవారు మొట్టమొదట నేర్చుకొనవలసిన విద్య ఒకటి కలదు. ఈ చేపకు ఆహారము పెట్టుట కష్టము కాదు. అవసరమునకు మించి పెట్టకుండ చేతిని నిలుపుకొనుట కష్టము.

సముద్రములోని బ్రతుకు

ఈ మాట యెందుకు చెప్పవలసివచ్చినదో తెలియవలెనన్న, ముందు సముద్రములో దాని బ్రతుకు ఎట్టిదో తెలిసికొనవలెను. సింహమత్స్యములకు పుట్టినిల్లు హిందూ, పసిఫిక్ మహాసముద్రములు. పగటివేళ ఇవి పగడపు దిబ్బల చాటున, రాతి సందులలో, కొన్నిసార్లు తలక్రిందుగ వ్రేలాడుచు, విశ్రమించును. సందెవేళను, వేకువను వేటకు బయలుదేరును. వేటలో పరుగు లేదు. ప్రక్కరెక్కలు రెంటిని చేటలవలె చాచి, చిన్న చేపలను ఒక మూలకు మెల్లమెల్లగ త్రోయును. దగ్గరకు వచ్చిన పిమ్మట నోరు తెరచుటయు, చేప మాయమగుటయు ఒక్క రెప్పపాటు. ఒక్కొక్కప్పుడు ఎర వైపు నోటితో నీటిధారను చిమ్ముననియు, ఆ తాకిడికి ఎర తన ముఖమును వేటకాని వైపు త్రిప్పుననియు 2012లో ప్రకటింపబడిన పరిశీలనలు తెలుపుచున్నవి. తల ముందుగ వచ్చిన చేపను మింగుట సులభము గదా! పిల్లలు తెలిసికొనదగిన విశేష మొకటి కలదు: దీని విషపు ముళ్ళు వేటకు ఉపయోగపడవు. అవి కేవలము ఆత్మరక్షణ కొరకే.

ఎర ప్రతిదినము దొరకునను నమ్మకము వేటకానికి లేదు. కావున ప్రకృతి ఈ చేపకు రెండు వరములను ప్రసాదించినది. ఇస్రాయేలు దేశపు జీవశాస్త్రజ్ఞుడు లెవ్ ఫిషెల్సన్ 1997లో ప్రకటించిన పరిశోధన ననుసరించి, సింహమత్స్యపు కడుపు ఆహారముతో నిండినప్పుడు ఖాళీగా నున్నప్పటికంటె 30 రెట్లకు పైగా వ్యాకోచింపగలదు. ఆహారమే లేకున్నను 12 వారములకు పైగా అది ప్రాణములు నిలుపుకొనగలదు. దొరికిన నాడు దండిగ తినగల కడుపు ఒక వరము. దొరకని నాడు ఓర్చుకొనగల శరీరము రెండవ వరము. ఈ చేప గాజుతొట్టిలోనికి రాగానే రెండవ వరమునకు పని లేకపోవును. మొదటిది మాత్రము మిగిలియుండును. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

తొట్టి యేర్పాటు

అంగడిలో అమ్ము సింహమత్స్యము సామాన్యముగ అరచేతిలో ఇముడునంత పిల్ల. అది ఆ పరిమాణముననే నిలిచిపోవునని కొన్నవాడు మురిసిపోవును. కాని చక్కగ పెరిగిన వోలిటాన్స్ జాతి చేప ఒక అడుగు పొడవును సులభముగ దాటును. దాని రెక్కల విస్తారము కూడ తక్కువ కాదు. కావున 450 లీటర్లకు తక్కువ గాని తొట్టి దానికి కావలెను. అంత చోటు లేనివారు ‘డెండ్రోకైరస్’ అను పొట్టి జాతులను ఎన్నుకొనుట మేలు. అవి జానెడు పొడవునకు మించి పెరుగవు. సుమారు 200 లీటర్ల తొట్టి వానికి చాలును.

ఇది ఉప్పునీటి చేప. చెరువు నీరు, కుళాయి నీరు దీనికి పనికిరాదు. శుద్ధమైన నీటిలో సముద్రలవణములను తగు పాళ్ళలో కలిపి, సాంద్రతను కొలిచి చూచుకొనవలెను. మంచినీటి సాంద్రత 1 అనుకొన్నచో ఈ నీరు 1.020 నుండి 1.025 వరకు ఉండవలెను. ఉష్ణోగ్రత 24 నుండి 27 డిగ్రీల సెంటిగ్రేడు వరకు ఉండుట మంచిది. చలిదేశములలో నీటిని వేడిచేయు ఏర్పాటు కావలెను. మన మండువేసవిలో అందుకు విరుద్ధముగ నీటిని చల్లబరచు యంత్రము కావలసివచ్చును. ఈ వ్యయమును ముందుగనే లెక్కకట్టుకొనని వారికి ఏప్రిలు, మే నెలలు పరీక్షాకాలములు.

అన్నిటికంటె ముఖ్యమైనది కంటికి కనబడదు. చేప విసర్జించు మలినముల నుండియు, తినక విడిచిన ఆహారము నుండియు అమ్మోనియా పుట్టును. అది చేపకు విషము. తొట్టిలోని ఇసుకయందును, రాళ్ళయందును, వడపోత పరికరమందును నివసించు సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైటుగను, నైట్రైటును నైట్రేటుగను మార్చును. నైట్రైటు కూడ హాని చేయునదే. నైట్రేటు మాత్రము చాలవరకు సాధువు. అప్పుడప్పుడు కొంత నీరు తీసి క్రొత్త నీరు పోసినచో అది తగ్గిపోవును. ఈ సూక్ష్మజీవులు తగినంతగ వృద్ధిపొందుటకు సాధారణముగ నాలుగు నుండి ఆరు వారములు పట్టును. కావున తొట్టిని, చేపను ఒకేనాడు కొని తెచ్చుట చేపను చేజేతుల చంపుకొనుటయే. ముందు నీటిని బ్రతికింపవలెను. పిదప చేపను తేవలెను. రసాయనశాస్త్రము బోధించు ఉపాధ్యాయులకు నత్రజని పరివర్తనమును వివరించుటకు ఇంతకంటె సులభమైన ఉదాహరణము దొరకదు.

తోడు చేపల విషయములో సూత్ర మొక్కటే: సింహమత్స్యపు నోటిలో పట్టునది ఏదైనను ఒకనాటికి దాని కడుపులోనికి పోవును. అది క్రూరత్వము కాదు, దాని స్వభావము. రెక్కలను కొరికి పీడించు అలవాటుగల చేపలను కూడ దానితో నుంచరాదు. ఒంటరిగ నుంచినను అది బెంగపెట్టుకొనదు.

కొసరి వడ్డింపరాని అతిథి

ఇక ఆహారము సంగతి. క్రొత్తగ వచ్చిన సింహమత్స్యము చచ్చిన రొయ్యను, చేపముక్కను ఆహారముగ గుర్తింపదు. దాని కంటికి కదలునదే ఆహారము. ముక్క దాని ముందరనే నేలకు జారిపోయినను అది పట్టించుకొనదు. చేప పస్తు పడియున్నదని యజమాని కంగారుపడి, అంగడిలో చౌకగ దొరకు బంగారుచేపలను తెచ్చి తొట్టిలో వదలును. అవి కదలును, చేప వెంటనే మింగును, ఇంటిల్లిపాది సంతోషించును. ఈ సంతోషము కొన్ని నెలల ముచ్చట. బంగారుచేపల మాంసములో థయామినేస్ అను పదార్థము కలదు. అది బి-1 విటమినును నాశనము చేయును. ఆ విటమిను కొఱవడిన చేపకు నరములు దెబ్బతిని, ఈత తప్పి, వంకరలు పోవు ప్రమాదము కలదు. అదిగాక సముద్రపు చేపకు అవసరమైన కొన్ని క్రొవ్వు ఆమ్లములు మంచినీటి చేపలలో తగినంతగ ఉండవు. కడుపు నిండును గాని శరీరము ఎండును. ఉప్పునీటి చేపకు ఉప్పునీటి ఆహారమే తగినది.

కావున ప్రాణముతో నున్న ఎరనుండి ప్రాణము లేని ఆహారమునకు దానిని మరలింపవలెను. ఇది తల్లి పాలు మాన్పించుట వంటి పని, ఓర్పు కావలెను. మొదటి దినములలో సజీవమైన చిన్న రొయ్యలను ఈయవచ్చును. చేప తొట్టికి అలవాటుపడి, రొయ్యలను వెంటాడుట ఆరంభించిన తరువాత, చచ్చిన రొయ్యనొకదానిని సన్నని పుల్ల కొనకో, పొడవైన పటకారుకో తగిలించి, సందెవేళ దీపము తగ్గించి, దాని ముందర మెల్లగ కదల్చవలెను. రొయ్య తానే ఈదుచున్నట్లు కదలిక యుండవలెను. మొదటి నాడు అది చూచి ఊరకుండును. రెండవ నాడు దగ్గరకు వచ్చి మరలిపోవును. ఇట్టి తిరస్కారమునకు మనసు కరగి మరల సజీవమైన ఎరను వేసినచో శ్రమ యంతయు వృథా. ఆరోగ్యముగ నున్న చేపకు కొన్నిదినముల పస్తు హాని చేయదు. సాధారణముగ కొన్ని వారములలో అది పుల్ల చివరి ముక్కను అందుకొనును. పిదప పచ్చి రొయ్య, సముద్రపు చేప ముక్కలు, స్క్విడ్ ముక్కలు మార్చి మార్చి ఈయవలెను. నిత్యము ఒకే పదార్థము పెట్టుట ఏ ప్రాణికిని మంచిది కాదు. మంచుగడ్డలో నిలువచేసిన ఆహారమును పూర్తిగ కరగించియే వేయవలెను. తినక మిగిలిన ముక్కను వెంటనే తీసివేయవలెను.

ఎంత పెట్టవలెను? ఎన్నిసార్లు పెట్టవలెను? పెరుగు వయసులోని పిల్లకు దినము విడిచి దినము, మరి చిన్నదైనచో దినమునకొకసారి, కొద్దికొద్దిగ ఈయవలెను. పెరిగిన చేపకు వారమునకు రెండు మూడు మారులు చాలును. కడుపు కొంచెము గుండ్రబడినంతనే చేయి తీయవలెను.

ఇచ్చటనే మన స్వభావము అడ్డువచ్చును. అలవాటు పడిన సింహమత్స్యము యజమానిని చూడగనే అద్దము దగ్గరకు వచ్చును, రెక్కలాడించును, ముఖము పైకెత్తి చూచును. దానిని చూచి “పాపము, ఆకలి” అనని వారుండరు. అతిథికి “ఇంకొక్క ముద్ద” అని కొసరి కొసరి వడ్డించుట మన యిండ్లలో మర్యాద. వద్దన్నకొలది పెట్టుట ఆప్యాయత. కాని ఈ అతిథి వద్దనుట యెరుగదు. రేపు దొరకునో దొరకదో యను వేల తరముల జాగ్రత్త దాని చేత అడిగించుచున్నది. అది నేటి ఆకలి కాదు. అడిగినప్పుడెల్ల పెట్టినచో దాని కాలేయమునకు క్రొవ్వు పట్టి ఆయువు తగ్గును. మిగిలిన ఆహారము కుళ్ళి అమ్మోనియా పెరుగును. మన దయ రెండు విధముల దానికి కీడగును. మితముగ పోషింపబడిన సింహమత్స్యము గాజుతొట్టిలో పది సంవత్సరములకు పైగా జీవింపగలదు. దాని ఆయువును నిర్ణయించునది కొంతవరకు యజమాని చేతి బిగువే.

పదునెనిమిది ముళ్ళు

ఆహారము పెట్టు చేయి మరియొక సంగతి మరువరాదు. సింహమత్స్యపు వీపున 13, కడుపు క్రింది రెక్కలలో 2, తోకకు ముందు క్రింద నుండు రెక్కలో 3, వెరసి 18 విషపు ముళ్ళు కలవు. అందమైన ప్రక్కరెక్కలకు విషము లేదు. ప్రతి ముల్లునకును పొడవునా గాడులుండి, వానిలో విషపు కణజాలము నిండి, పైన పలుచని చర్మము ఒరవలె కప్పియుండును. ముల్లు గ్రుచ్చుకొన్నప్పుడు ఆ ఒర వెనుకకు జారి విషము గాయములో ప్రవేశించును. చేప కావలెనని వెంటబడి పొడుచుట లేదు. తొట్టి కడుగుచు పరాకుగ చేయి పెట్టినవారే గ్రుచ్చుకొనుట పరిపాటి. చచ్చిన చేప ముళ్ళు కూడ ప్రమాదకరములే.

ముల్లు దిగినచో బాధ దుస్సహముగ నుండును, చేయి వాచును, కొందరికి వాంతులు, మూర్ఛ కలుగవచ్చును. మరణము మిక్కిలి అరుదు. ఈ విషము వేడికి చెడిపోవు స్వభావము కలది. కావున గాయపడిన చేతిని సుమారు 45 డిగ్రీల వేడిగల నీటిలో 30 నుండి 90 నిమిషముల వరకు ఉంచుట ప్రథమ చికిత్స. నీటి వేడిని గాయములేని చేతితో ముందుగ పరీక్షింపవలెను. కాలునంత వేడి కూడదు. ఆ పిమ్మట వైద్యుని చూచుట తప్పదు. తొట్టిలో పని యున్నప్పుడు చేప ఎచ్చట నున్నదో చూచుచు, పొడవైన పరికరములతోనే పనిచేయవలెను. చిన్నపిల్లలు చేయి పెట్టజాలని మూత తొట్టి కుండవలెను. ఇందువలననే, ఎంత ముచ్చటగ నున్నను, తరగతి గదిలో పెట్టుటకు ఇది తగిన చేప కాదని ఉపాధ్యాయులకు మనవి.

విడిచిపెట్టిన చేప కథ

పిల్లగ వచ్చిన చేప పెద్దదై తొట్టి చాలకపోయిన నాడు, తోడు చేపలన్నింటిని తినివేసిన నాడు, యజమాని విసుగుచెందును. చంపుటకు మనసొప్పదు. ఇతరులకు ఇచ్చుటకు ఓపిక లేదు. సముద్రము దగ్గరనే యున్నది. “ఎచ్చటినుండి వచ్చినదో అచ్చటికే పంపుచున్నాను” అని విడిచిపెట్టును. అది పుణ్యకార్యమనియే అతని తలంపు. కాని అట్లాంటిక్ మహాసముద్రము సింహమత్స్యమునకు పుట్టినిల్లు కాదు.

1985లో అమెరికాలోని ఫ్లారిడా తీరమున, డేనియా అను ఊరి దగ్గర, ఒక సింహమత్స్యము దొరకినది. 1992లో ఆండ్రూ అను తుపాను వచ్చినప్పుడు తీరమందలి ఒక తొట్టి పగిలి ఆరు చేపలు సముద్రములో పడెననియు, వాని సంతతియే అంతటను వ్యాపించెననియు ఒక కథ చాలకాలము ప్రచారములో నుండెను. 1985లో దొరికిన చేపకు 1992లోని తుపాను కారణము కాజాలదు గదా! పెంచువారు విడిచిన చేపలే మూలమని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. 2000 సంవత్సరము నుండి ఇవి అమెరికా తూర్పుతీరమున తఱచుగ కనబడసాగినవి. 2004లో బహామా దీవులను చేరినవి. ఆ తరువాత కరేబియను సముద్రమును, మెక్సికో సింధుశాఖను ఆక్రమించి, 2014లో బ్రెజిలు తీరమున కూడ దర్శనమిచ్చినవి.

ఒక్క ఆడచేప సంవత్సరమునకు సుమారు 20 లక్షల గ్రుడ్లు పెట్టగలదు. అచ్చటి చిన్న చేపలు ఈ చారల వేటకానిని ఎన్నడును చూచి యెరుగవు. చేటలవంటి రెక్కలు దగ్గరకు వచ్చుచున్నను పారిపోవలెనని వానికి తోచదు. బహామా దీవులలోని చిన్న పగడపు దిబ్బలపై జరిపి 2008లో ప్రకటించిన ప్రయోగములో, ఒక్కొక్క సింహమత్స్యము చేరిన దిబ్బలపై క్రొత్తగ వచ్చి చేరు స్థానిక చేపపిల్లల సంఖ్య ఐదు వారములలో సగటున 79 శాతము తగ్గినట్లు తేలినది. 30 రెట్లు సాగు కడుపు, అదుపు చేయు చేయి లేనిచోట, చేసిన పని ఇది. నేడు అచ్చటి ప్రజలు ఈటెలతో వీనిని వేటాడు పోటీలు జరుపుచున్నారు. ముళ్ళు తీసి వండినచో మాంసము రుచిగ నుండునని భోజనశాలలలో వడ్డించుచున్నారు. ఐనను సముద్రమంతటిని గాలించి వీనిని నిర్మూలించుట సాధ్యమగు పని కాదు.

కావున పెంచలేని చేపను సముద్రములో గాని, కాలువలో గాని విడువరాదు. తమ తీరముననే అట్టి చేపలు ఉన్నను విడువరాదు. తొట్టిలో పట్టుకొన్న రోగము వానితోపాటు సముద్రమునకు పోవచ్చును. పెద్ద తొట్టి గలవారికో, ప్రజలు చూచు మత్స్యప్రదర్శనశాలకో, అమ్మిన అంగడికో అప్పగింపవలెను. ఏ దారియు లేనప్పుడు పశువైద్యుని సలహాతో బాధలేని మరణము కలిగించుటయే మిగిలిన మార్గము. వినుటకు కఠినముగ నున్నను, ఒక దిబ్బమీది వేలకొలది పిల్లచేపల చావుకంటె అది తక్కువ కఠినము.

సింహమత్స్యమును పెంచదలచినవాడు కొనుటకు ముందే ఆలోచింపవలసినది దాని అందమును గూర్చి కాదు. పది సంవత్సరముల వరకు నీటిని శుద్ధముగ నుంచగలనా, అది ముఖమెత్తి అడిగినప్పుడు నేడు చాలునని చెప్పగలనా, పెంచలేని నాడు దానిని ఎవరికి అప్పగింతును, అని తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. ఈ మూడింటికిని జవాబు దొరకినవాని యింట ఆ చేప చక్కగ బ్రతుకును. దొరకనివాడు మత్స్యప్రదర్శనశాలకు పోయి, అద్దమునకు ఇవతల నిలిచి, దాని దర్జాను కన్నులార చూచి రావచ్చును. అందులో చిన్నతన మేమియు లేదు.